ఇంటికొక్క ఎండి మెట్టె

పోయిన ఆదివారం మంచిర్యాలల మా చర్చి అయ్యగారు బైబిల్ల ఎండి సంగతి చెప్పిండ్రు. మోషే కాలంల ఉన్నోళ్లు, లేనోళ్లు తమ ప్రాణాలకు బదులుగ దేవునికి ఒక్కతీరుగ ఎండి ఇచ్చిండ్రట. దేవుని గుడారానికి అడుగు దిమ్మలు ఆ ఎండితోనే పోసిండ్రట. మనం గూడ ఇంటికొక్క మెట్టె ఇస్తే ప్రభువు బల్ల కాడ ద్రాక్షరసం పంచెతందుకు గిన్నె చేయిద్దామన్నరు.

ఇయ్యాల పళ్లెం పట్టుకొని తిరిగింది నేనే. గుత్తేదారు భార్య నాలుగు మెట్టెలు వేయబోతే ఒక్కటే తీసుకున్న. రాజవ్వ ముందు మాత్రం ఆగలే. ఆమె పెనిమిటి పోయినేడు బొగ్గుబాయిల చనిపోయిండు. మెట్టెలు తీసేసిన మనిషిని మెట్టె ఎట్లడుగుత?

ఆమెనే నన్ను పిలిచింది.

"బిడ్డా, నన్నెందుకు దాటిపోయినవ్?"

"నీకు బాధయితదని, అవ్వా."

"అందరిది ఒక్కతీరన్నరు గదా. ఆ అందరిల నేను లేనా?"

కొంగుముడి ఇప్పి, దాచుకున్న మెట్టె పళ్లెంల పెట్టింది. "రెండోది నాకుంటది," అన్నది నిమ్మళంగ.

పదేండ్ల నుంచి బైబిలు చదువుతున్న నాకు తెల్వంది, ఒక్కసారి విన్న రాజవ్వకు సమజైంది. నేను జాలి అనుకున్నదే ఆమెను వేరు చేసింది. మీరైతే ఆమె ముందు ఆగుతుండెనా?