జీడి చుక్కల కేసులో ఇద్దరు డాక్టర్లు

కోర్టులో డాక్టరు ఏం చెబితే అదే వేదమని మావాళ్ల నమ్మకం. కలకత్తా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్లలో, తెలుగువాళ్ల మధ్యే పుట్టి పెరిగినా నాకు మాత్రం ఆ నమ్మకం అంటలేదు. మామూలు సాక్షి తాను చూసిందీ విన్నదీ చెప్పాలి తప్ప తన అభిప్రాయం చెప్పకూడదు. నిపుణుడికి మాత్రం చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. అంత వెసులుబాటు ఊరికే దక్కుతుందా? ఈయనకు ఏ విషయం తెలుసు, దేన్ని చూసి చెబుతున్నాడు, ఎందుకలా అనుకుంటున్నాడు అన్నది ముందు తేలాలి. అది తేలకుండా బోనులోంచి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే వకీలుగా నాకు ఒళ్లు మండుతుంది, లేచి నిలబడతాను. నేను లేస్తే తొందరగా కూర్చోనని కోర్టులో అందరికీ తెలుసు.

కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చాక నా దగ్గరికి వచ్చిన కేసు ఇది. ఓ మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరూ నా ఆఫీసుకొచ్చారు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. అత్త కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరయింది. ఇప్పుడు అదే పని కోడలు చేస్తోంది. కొడుకుది షాలిమార్ గూడ్సు యార్డులో పని. కోడలు చీకటితోనే డ్యూటీకి వెళ్లిపోతుంది కాబట్టి ఏడాది కూడా నిండని మనవరాలు పొద్దస్తమానం నాన్నమ్మ చంకలోనే పెరిగింది. అలాంటి నాన్నమ్మ మీద, పసిబిడ్డ పొట్ట మీద కాల్చిన ఇనుపచువ్వతో వాతలు పెట్టిందని కేసు. బెయిలైతే వచ్చింది గానీ, పిల్ల ఉన్న ఇంట్లో అడుగు పెట్టకూడదని షరతు. ముసలావిడ లిలువాలో చెల్లెలి ఇంట్లో తలదాచుకుంటోంది. కేసు ఓడిపోతే జైలు. జైలు మాట ఆమె ఎత్తనే లేదు. పిల్లను మళ్లీ ఎత్తుకోనిస్తారా లేదా, అదొక్కటే అడిగింది.

"నిప్పుతో వాతలు పెట్టావా?" అని సూటిగా అడిగాను.

"నానా? నిప్పెట్టలేదమ్మా, జీడెట్టాను," అంది. "గుంట కడుపునొప్పికి ఒకటే ఏడుపు. మా యమ్మ నాకెట్టింది, నాను నా కొడుక్కెట్టాను. మాకేటైంది? బతికే ఉన్నాం కదా."

నల్లజీడి గింజను దీపం సెగకు కాస్త కాల్చి, పిన్నీసుతో గుచ్చితే నూనె ఊరుతుంది. దాంతో బొడ్డు చుట్టూ మూడు చుక్కలు పెడతారు. మా శ్రీకాకుళంవైపు నుంచి వచ్చిన పాతకాలం ఆడవాళ్లకు కడుపునొప్పికైనా దిష్టికైనా అదే మందు. ఈసారి ఆ చుక్కలు మర్నాటికి బొబ్బలెక్కాయి. కోడలు భయపడి పిల్లను ఆసుపత్రికి ఎత్తుకెళ్లింది. అక్కడ అడిగినప్పుడు ఇద్దరూ కూడబలుక్కున్నట్టు వేడి పాలు ఒలికాయన్నారు. పాలు ఒలికితే గుండ్రంగా మూడు చుక్కలు పడతాయా? చెప్పిన కారణానికీ గాయానికీ పొంతన లేదని ఆసుపత్రివాళ్లు పోలీసులకు కబురు పెట్టారు. వాళ్లు చెయ్యాల్సింది వాళ్లు చేశారు, తప్పుపట్టను.

"జీడి పెట్టామని నిజం చెప్పడానికేం?" అని కోడలి మీద విరుచుకుపడ్డాను.

"సిగ్గేసింది దిదీ," అంది నేల చూపులు చూస్తూ. "ఆళ్ల ముందర జీడంటే మనల్ని జంగ్లీ లోగ్ అనుకుంటారు కదా. పాలంటే ఎవులూ ఏటీ అనరనుకున్నాం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఊళ్లో ఇంటింటా ఉన్న అలవాటే, కలకత్తా డాక్టరు ముందు నోరు పెగల్లేదు. ఆ ఒక్క అబద్ధంతో నాన్నమ్మ ముద్దాయి అయింది. నిజానికి నా పొట్ట మీద కూడా అలాంటి మచ్చలున్నాయి, మా అమ్మమ్మ చలవ. కానీ నేను వాదించే కేసులో నేనే బోనెక్కి సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు కదా. నోటి మాట సరిపోదని, నిపుణుల దగ్గరే తేల్చుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. గెలుస్తామని వాళ్లకు చెప్పేశాను కూడా. అలా చెప్పకూడదంటారు, నేను చెబుతాను.

సర్కారు వకీలు తెచ్చిన నిపుణుడు పేరున్న డాక్టరు. నెరిసిన జుట్టు, మడత నలగని కోటు. చాలా కేసుల్లో బోనెక్కిన అలవాటుతో, వచ్చీ రాగానే "ఈ గాయాలు కాల్చిన ఇనుపచువ్వ వల్ల..." అని మొదలుపెట్టాడు. నేను లేచాను.

మన కోర్టుల్లో మామూలుగా ఇలాంటప్పుడు అభ్యంతరాన్ని రాసుకుని, సాక్ష్యమంతా నమోదు చేసి, అది చెల్లుతుందో లేదో తీర్పులో చెబుతారు. విచారణ మాటిమాటికీ ఆగిపోకూడదని ఆ పద్ధతి. అది మంచి పద్ధతే, కాదనను. కానీ ఇనుపచువ్వ అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఎంతటి జడ్జి మనసులోంచైనా దాన్ని ఎవరు తీస్తారు? "అభిప్రాయం తరవాత వినండి సార్. దాన్ని చెప్పే అర్హత ఉందో లేదో ముందు అడగనివ్వండి," అన్నాను. సర్కారు వకీలు విసుక్కున్నాడు, కాలయాపన అన్నాడు. జడ్జిగారు కాసేపు ఆలోచించి, ముందు అర్హత గురించే అడగమన్నారు.

"తమరు ఏ వైద్యంలో నిపుణులు?"

"ఎముకలు, కీళ్లు."

"కాలిన గాయాలకు ప్రత్యేకంగా వైద్యం చేశారా?"

"డాక్టర్లం, అన్నీ చూస్తాం."

"ఈ పాపను చూశారా?"

చూడలేదు. ఫోనులో పంపిన ఫొటోలు చూశాడు. అదీ పొట్ట ఒక్కటే కనిపించేవి. జీడి నూనె వల్ల వచ్చిన బొబ్బ ఎప్పుడైనా చూశారా అని అడిగితే, అలాంటి కేసు తన దగ్గరికి రాలేదన్నాడు. అబద్ధమాడలేదు, అందుకు ఆయన మీద గౌరవం ఉంది. ఎముక విరిగిన కేసైతే ఆయన మాటకు నేనే తల వంచేదాన్ని.

సర్కారు వకీలు కొత్త చట్టం పుస్తకం తెరిచాడు. నిపుణుల రంగాల జాబితాకు ఇప్పుడు 'మరే ఇతర రంగమైనా' అన్న మాట చేర్చారని, తలుపులు బార్లా తెరిచారని చదివి వినిపించాడు. "రంగం ఏదైనా కావచ్చు సార్, మనిషి ఆ రంగంవాడు కావాలి కదా," అన్నాను. జడ్జిగారి మొహంలో నవ్వు కనిపించింది గానీ పైకి నవ్వలేదు. ఈ గాయాల కారణం గురించి ఈ సాక్షి అభిప్రాయాన్ని నిపుణుడి అభిప్రాయంగా తీసుకోవడం లేదని అక్కడికక్కడే రాయించారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అయితే ఆ సంతోషంతో ముసలావిడ ఇంటికి వెళ్లిపోదు. పాలు ఒలికాయన్న అబద్ధం ఇంకా ఫైల్లోనే ఉంది. దాన్ని కడగాలంటే మాకూ ఒక నిపుణురాలు కావాలి. చర్మవ్యాధుల డాక్టరమ్మను ఒప్పించి తీసుకొచ్చాను. ఆవిడ పిల్లను స్వయంగా పరీక్షించింది, ఆసుపత్రివాళ్లు మొదటిరోజు తీసిన ఫొటోలన్నీ అడిగి తెప్పించుకుంది. సర్కారు వకీలు ఊరుకుంటాడా, నేను వాడిన కత్తే నా మీదికి తిప్పాడు. ఏం చదివారు, ఎక్కడ చేశారు, జీడి బొబ్బలు ఎందరికి చూశారు అని గుచ్చి గుచ్చి అడిగాడు. అడగనీ అని కూర్చున్నాను. నేను కోరుకున్నదీ అదే. చాకలి దుకాణాల్లో బట్టలకు జీడితో గుర్తులు వేసేవాళ్ల చేతులకు తాను చేసిన వైద్యం గురించి ఆవిడ తాపీగా చెప్పింది. జడ్జిగారు ఇక అభిప్రాయం చెప్పమన్నారు.

ఆవిడ ఒక ఫొటో తీసి పిల్ల వేళ్లు చూపించింది. వేలి చివర్ల మీద చిన్న చిన్న పొక్కులు. "జీడి నూనె దురద పెడుతుంది. బిడ్డ గోక్కుంది. గోటికి అంటిన నూనె వేళ్ల మీదా పొక్కులు తెప్పించింది. పొట్ట మీద గీతలు కూడా అందుకే వచ్చాయి. ఇనుపచువ్వతో కాలిన గాయాన్ని గోకితే వేళ్లు కాలవు," అంది. జడ్జిగారు ఆ ఫొటో చేతికి తీసుకుని చూశారు. నాకైతే లేచి గంతెయ్యాలనిపించింది.

ఆవిడ అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. నిపుణురాలిని పిలిచింది నిజం చెప్పడానికే కదా. "ఇది హింస కాదు. కానీ బిడ్డకు జరిగింది మాత్రం గాయమే. కాల్చినా, జీడి పెట్టినా, ఆ చర్మానికి నొప్పి ఒకటే. మచ్చలు ఉండిపోవచ్చు," అంది.

ముసలావిడకు బస్తీలో మాట్లాడే బెంగాలీ బాగానే వచ్చు గానీ డాక్టరమ్మ మాట్లాడింది ఇంగ్లీషులో. విరామంలో వరండాలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏటందమ్మా ఆవిడ?" అని అడిగింది. గెలిచే మాట ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. నాకు ఆ పని చేతకాదు. మొత్తం చెప్పాను, నొప్పి ఒకటే అన్న మాటతో సహా. "నా కొడుకూ అలాగే గోక్కునేవోడు," అంది ముసలావిడ. "మందు పని సేస్తందనుకున్నాను." ఆమె ఏడుస్తుంటే నాకూ కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

తీర్పు మా వైపే వచ్చింది. వేడి పాల అబద్ధం భయంతో, సిగ్గుతో ఆడిందేనని, నిప్పుతో కాల్చారనడానికి ఆధారం లేదని జడ్జిగారు రాశారు. బెయిలు షరతులు రద్దయ్యాయి. మెట్ల దగ్గర కోడలు పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. ముసలావిడ దగ్గరదాకా వెళ్లి ఆగిపోయింది. చేతులు చాచలేదు, కొంగులో చుట్టుకుని నిలబడింది. పిల్ల మాత్రం ఆమె మీదికి ఎగబాకుతోంది.

"ఎత్తుకో అత్తా," అంది కోడలు. పిల్లను ఆమె వైపు వంచింది. "ఎత్తుకో. కానీ ఇంకోపాలి జీడి ముట్టుకున్నావంటే నానే కేసెడతాను."

ముసలావిడ పిల్లను అందుకుని గుండెకు అదుముకుంది.

"ఎట్టు," అంది. "ఆ కేసులో నీ పచ్చాన సాచ్చికం నానే సెప్తాను."