ఒడ్డు తగలని పడవకు ధర

మొన్న మచిలీపట్నం చేపల మార్కెట్లో ఎండు మెత్తళ్ల వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. మంగినపూడి దగ్గర మా పల్లెలో నా చిన్నతనమంతా ఆ వాసనే. శీతాకాలం పొద్దున్నే ఇసుక మీద ఆరబోసిన మెత్తళ్లు, కాకుల్ని తోలుతూ మేం ఆడుకున్న తొక్కుడుబిళ్ల, క్రిస్మస్ ముందు ఇంటింటా పొంగే అరిసెల పాకం, ఆ తీపిలో కలిసిపోయే ఉప్పుగాలి.

మా ఒడ్డున పడవ రాకముందే బేరం తెగాలి. వలలో ఏముందో ఎవరికీ తెలియనప్పుడే దళారి సుబ్బయ్య మావయ్య ఒక ధర చెప్పేవాడు. అమ్మ సరేనంటే నాన్న పడవలో ఉన్నదంతా ఆయనది; రొయ్యలుంటే అదృష్టం, నాచుంటే ఖర్మ. అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టి, దూరాన పడవ నీళ్లలో ఎంత దిగి వస్తోందో, గాలి ఎటుందో చూసుకునేవాడు, సరుకెత్తే గుడివాడ లారీ వచ్చిందో లేదో కూడా వెనక్కి తిరిగి చూసుకునేవాడు. అమ్మ సముద్రాన్ని చూసేది కాదు, ఆయన మొహాన్నే చూసేది. ఆయన గడ్డం గోక్కున్నాడంటే పడవ నిండుగా ఉన్నట్టే.

"ఇదేం రేటు అన్నయ్యా, మీ ఇంట్లో పిల్లి కూడా ఒప్పుకోదు!"

"నీ మొగుడు సముద్రం మొత్తం ఎత్తుకొస్తున్నాడా ఏంటి చెల్లెమ్మా? సగం నాచే!"

ఆ ఏడు క్రిస్మస్ ముందు ముసురు పట్టింది. నాన్న, చిన్నాన్న వేటకెళ్లి ఆ రాత్రి తిరిగి రాలేదు. తెల్లారాక పడవ కనబడింది. నాకు కొత్త గౌను కొనాలని అమ్మ ఎన్నడూ అడగనంత అడిగింది, సగానికి దిగినా చాలనుకుని. మావయ్య అరచెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. చెయ్యి దించి, "అట్టాగే చెల్లెమ్మా" అన్నాడు.

గౌను వచ్చేసిందని నేను ఎగిరాను. అమ్మ కదల్లేదు.

"బేరం ఆడవేంటి అన్నయ్యా?"

ఆయన చూపు మళ్లీ పడవ మీదికే పోయింది. అప్పుడు అమ్మ సముద్రం వైపు తిరిగింది. పడవలో చిన్నాన్న ఒక్కడే ఉన్నాడు. నాన్నను అల లాగేసిందని ఒడ్డుకొచ్చాక చెప్పాడు. వల ఖాళీ. అయినా మావయ్య ఒప్పుకున్న డబ్బంతా అమ్మ ఒళ్లో పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ధరలు ఫోన్లో వస్తాయి. వయసు మళ్లాక అక్షరాలు నేర్చుకున్న నేను కూడా బోర్డు మీద రేటు కూడబలుక్కుని చదువుకుంటాను. అరచెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లకేసి చూసేవాళ్లు లేరు. మొన్న మెత్తళ్లవాణ్ణి బాగా తగ్గించి అడిగాను.

"అట్టాగే తీసుకోండమ్మా" అన్నాడు మారుమాట్లాడకుండా.

సంచి అక్కడే వదిలేసి, అంత జనంలో, సముద్రం ఎటుందా అని వెతుక్కున్నాను.