పాత కెమెరా పేరుతో వచ్చిన తోకచుక్క

చీరాలలో కంప్యూటర్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ణి నేను. దయ్యం, భూతం అని ఎవరన్నా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా షాపుకొచ్చేవాళ్ళలో సగం మంది ‘దీనికేదో పట్టిందండీ, దానంతటదే ఆగిపోతోంది’ అంటూనే వస్తారు. పట్టేది దుమ్ము. లేదంటే లోపల చచ్చిన బల్లి. వెతికితే కారణం దొరకని జబ్బు నేనొక్కటీ చూడలేదు. మా బావ కెమెరా సంగతి జరిగేదాకా ఈ మాట చాలా గట్టిగా చెప్పేవాణ్ణి.

మా బావ సుబ్బారావు, అంటే మా అక్క భర్త, పొదిలిలో ఫోటో స్టూడియో నడిపేవాడు. పెళ్ళిళ్ళు తీయడం ఆయన బతుకుతెరువు. శూన్యమాసంలో పెళ్ళిళ్ళుండవు కదా, అప్పుడు ఆకాశాన్ని తీసేవాడు. చుక్కలతోపాటు మెల్లగా తిరిగే మోటారు స్టాండొకటి తెప్పించుకున్నాడు. దాని మీద కెమెరా పెట్టి, ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాడు. ‘ఈ వయసులో ఏం పిచ్చి బావా ఇది’ అని నేను ఏడిపించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం ఒంగోలు తిరగడం మొదలైంది. నడిస్తే ఆయాసం, నిలబడితే కళ్ళు తిరగడం. పెళ్ళిళ్ళు వదిలేశాడు గానీ ఆకాశాన్ని వదల్లేదు. అందుకని నేనొక ఏర్పాటు చేసి పెట్టాను. ఊరి బయట వాళ్ళ పత్తి చేలో మోటారు షెడ్డు పక్కన స్టాండూ కెమెరా ల్యాప్‌టాప్ పెడితే, ఆ తెర ఇంట్లో మంచం మీదున్న ఆయన ఫోనులో కనిపించేది. బటన్ అక్కణ్ణుంచే నొక్కేవాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఆయన్ని ఇంకా ఫోటోగ్రాఫరుగా ఉంచింది.

ఆ స్టూడియోలో దసరాకి ఆయుధపూజ పెద్ద ఎత్తున చేసేవాళ్ళు. కెమెరాలన్నీ తుడిచి, వరసగా పీట మీద పెట్టి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టాల్సిందే. ఆ ఏడు బావ ‘పూజలో కొత్తది ఉండాలిరా, మనసుకు బాగుంటుంది’ అని పట్టుబట్టాడు. కాదనే ధైర్యం మాకెవరికీ లేదు. పండగ ముందు ఒంగోలులో ఒక షాపులో పాత కెమెరా ఎక్స్ఛేంజికి ఇచ్చేసి, అదే కంపెనీది కొత్త మోడల్ తెచ్చుకున్నాం. ఏ ఘడియలో కొనాలో పంతులుగారిని అడిగాం. సాఫ్ట్‌వేర్‌కి ఆ మోడల్ తెలుసో లేదో ఎవరినీ అడగలేదు.

పూజయ్యాక తగిలించి చూస్తే, సాఫ్ట్‌వేర్‌లో కెమెరాల జాబితాలో దాని పేరే లేదు. ఒక్కో కెమెరాది ఒక్కో భాష. రాసేవాళ్ళు దాన్ని నేర్పితే తప్ప సాఫ్ట్‌వేర్ మాట్లాడలేదు. బజారులోకి కొత్తగా వచ్చినదానికి అది జరగాలంటే నెలలు పడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పడమర తోకచుక్క కనిపించడం మొదలైంది. పొద్దుగూకాక కాసేపు ఉండి దిగిపోయేది. మళ్ళీ మన జన్మలో రాదన్నారు. చేతిలోకి తీసుకుని తీస్తే కొత్త కెమెరా బ్రహ్మాండంగా పనిచేస్తుంది కాబట్టి, నేను వెళ్ళి నొక్కుతానన్నాను.

“నువ్వు నొక్కితే అది నీ ఫోటోరా. నాకు నేను తీసింది కావాలి,” అన్నాడు బావ.

షాపు మూసేసి పొదిలిలోనే కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ వెర్షన్లు పాతవీ కొత్తవీ, ఇంకా పరీక్షలో ఉన్నవీ అన్నీ ఎక్కించి చూశాను. కేబుళ్ళు మార్చాను. దేనికీ లొంగలేదు. రోజురోజుకీ తోకచుక్క పల్చబడుతోంది. మధ్యలో ముసురు పట్టి కొన్ని సాయంత్రాలు అలాగే పోయాయి.

మబ్బు విడిచిన రోజు బావకి డయాలసిస్ ఉంది. చీకటిపడేలోపు వచ్చేస్తాం, అన్నీ సిద్ధం చెయ్యమని అక్క చెప్పింది. చేలో అన్నీ అమర్చి మళ్ళీ ప్రయత్నించాను. తెర మీద అదే మాట, కెమెరా దొరకలేదని. చిరాకేసి ల్యాప్‌టాప్ అలా వదిలేసి షెడ్డు గోడకి ఆనుకున్నాను.

తోకచుక్క కనిపించిన కాసేపటికి షట్టర్ చప్పుడైంది. లేచి చూస్తే తెర మీద ‘కనెక్ట్ అయింది’ అని ఉంది. దాని పక్కన ఉన్నది మా పాత కెమెరా పేరు. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. బావ ఇంటికి చేరాడు, ఎలాగో కుదిరింది, ఆయనే నొక్కుతున్నాడు అనుకున్నాను. ఆనందంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అదెక్కడ ఆగిపోతుందోనని దేన్నీ ముట్టుకోలేదు. తోక పొడుగునా చక్కగా పడింది.

నేను ఇల్లు చేరేసరికి తాళం వేసి ఉంది. వాళ్ళ కారు అప్పుడే వచ్చి ఆగింది. ఆస్పత్రిలో మిషను ఖాళీ అయ్యేసరికి ఆలస్యమైందట. దారి పొడుగునా బావ వెనక సీట్లో నిద్రపోతూనే ఉన్నాడు. ఆయన ఫోను చార్జింగ్ అయిపోయి అక్క సంచీలో ఉంది.

దీనికి కూడా ఒక కారణం చెప్పుకున్నాను. రెండూ ఒకే కంపెనీవి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని ఇంకొకటి అనుకుని ఉంటుంది, ముందెప్పుడో పెట్టిన ఆదేశం అప్పుడు నడిచి ఉంటుంది అని. కానీ ఫైళ్ళు తెరిస్తే అవి పాత కెమెరా కొలతల్లో ఉన్నాయి. కొత్తది ఆ కొలతలో తియ్యదు. అదీ ఒప్పుకునేవాణ్ణేమో, మచ్చ లేకపోతే. ఎప్పుడో మిర్చి కళ్ళంలో ఫోటోలు తీస్తూ బావ లెన్సు మార్చాడు. ఆ కారపు ధూళి లోపలికెళ్ళి సెన్సారుకి అంటుకుపోయింది. తుడిచినా పోలేదు. అప్పట్నుంచీ పాత కెమెరాతో తీసిన ప్రతి ఫోటోలో కుడివైపు పైన వంకరగా ఒక మచ్చ పడేది. తోకచుక్క పక్కన అదే మచ్చ, అదే వంకర. కొత్త కెమెరాతో గోడని, ఆకాశాన్ని, తెల్ల పంచెని తీసి చూశాను. ఏ మచ్చా లేదు.

మర్నాడు బావకి చూపించాను. చాలాసేపు చూశాడు. మచ్చ మీద వేలు పెట్టి రుద్దాడు.

“ఇది మన పాతదేరా. ఇచ్చేసినా అదే తీసింది,” అన్నాడు. “నేనైతే తియ్యలేదు.”

“నీ ల్యాప్‌టాపు, నీ స్టాండు, నువ్వు పెట్టిన సెట్టింగులు. నీది కాకపోతే ఎవరిది బావా?” అన్నాను.

ఒప్పుకోలేదు. ఆయన తీసిన ప్రతి ఫోటో కింద స్టూడియో పేరుండేది. దీనికి వెయ్యనివ్వలేదు. పాత కెమెరాని వెనక్కి తెమ్మని మాత్రం అడిగాడు. ఒంగోలు పరుగెత్తాను. దాన్ని పండగకి ముందే విప్పేసి, షట్టరు తీసి వేరే కెమెరాకి వేశారట. మిగిలిన డొల్లని ఒక డబ్బాలో చూపించారు. ఆ మాట చెబితే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. “పూజకి కొత్తది కావాలన్నాను చూడు,” అన్నాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. తోకచుక్క వెళ్ళిపోయింది. కార్తీకం దాటకుండానే ఆయనా వెళ్ళిపోయాడు.

కొత్త మోడల్ పేరు ఈమధ్యే సాఫ్ట్‌వేర్ జాబితాలో చేరింది. తగిలించి చూశాను. ఏ పేచీ లేకుండా పనిచేస్తోంది. ఆ చేలో ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా నాకు బాధ లేదు. ఎలాగూ జరగరానిదే జరిగినప్పుడు, ఇంకొక్క గంట ఆగి, మా బావ మంచమెక్కి ఫోను చేతిలోకి తీసుకున్నాక జరిగుంటే ఏం పోయేది?