సుభద్రమ్మ టీచరు బొట్టుబిళ్ళలు

సుభద్రమ్మ టీచరు గారికి ఒకటే పిచ్చి. అచ్చులో మాట కనబడితే చాలు, దాని మీద బొట్టుబిళ్ళ అతికించేవారు.

అవునండీ, ఆడవాళ్ళు నుదుటికి అతికించుకునే స్టిక్కరు బొట్టే. ఆవిడ నుదుటి మీద మాత్రం నేనేనాడూ కుంకుమ తప్ప ఇంకోటి చూడలేదు. స్టిక్కర్లన్నీ చదువుకే. పాఠ్యపుస్తకం, కేలండరు, పకోడీలు కట్టిచ్చిన కాగితం, ఏదైనా సరే, ఆవిడ చేతిలోంచి బయటపడేసరికి అందులో ఒక మాట మాయమయ్యేది. ఆపైన కళ్ళజోడు మీదుగా చూస్తూ, "ఇక్కడేం మాటుందో చెప్పండి చూద్దాం" అనేవారు. పిల్లల్నే కాదు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని.

తొంభై ఆరులో నా మొదటి ఉద్యోగం ఆ బడిలోనే. భీమవరానికి దిగువన, కాలువ వెళ్ళి ఉప్పుటేరులో కలిసేచోట ఉండేది. పిల్లల్లో సగం మంది చేలూ చెరువులూ ఉన్న రాజుల ఇళ్ళ నుంచి, సగం మంది ఏటిగట్టు మీది జాలరిపేట నుంచి వచ్చేవారు. టీచర్లం ముగ్గురమే: హెడ్మాస్టరు సాంబశివరాజు గారు, సుభద్రమ్మ గారు, నేను. ఆ తర్వాత నాలుగు బళ్ళు మారాను. మేడలున్న బళ్ళు, ఫ్యాన్లున్న బళ్ళు, ఒకచోట కంప్యూటరు కూడా ఉంది. అయినా ఇప్పటికీ పొద్దున్నే బండి తీస్తే మనసు ఆ ఏటిగట్టు దారికే తిరుగుతుంది.

హెడ్మాస్టరు గారికి పేపరంటే ప్రాణం. అందులోనూ కోతల రోజుల్లో వాతావరణం వార్త. ఒకనాడు ఆయన గదిలోంచి కేక వినబడింది.

"టీచరు గారండీ! రేపేం కురుస్తుందో చెప్పండి!"

"పేపర్లో ఉంది కదండీ."

"పేపర్లో మీ బొట్టుందండీ!"

"ముందు వాక్యం చదవండి సార్."

"బంగాళాఖాతంలో అల్పపీడనం..."

"తర్వాతి వాక్యం?"

"రైతులు కుప్పల మీద బరకాలు కప్పుకోవాలి..." ఆయన గొంతు సన్నబడిపోయింది. "వానేనంటారా?"

"చూశారా! బొట్టు తియ్యకుండానే వచ్చేసింది."

"వచ్చేసింది సరేనండీ, నా కుప్పల సంగతేంటండీ!" అంటూ ఆయన పంచె ఎగ్గట్టి సైకిలెక్కారు. ఆ పూట ఆయన క్లాసు కూడా నేనే చూసుకున్నాను.

ఇంకోసారి ఆయన కూతురు శ్రీసత్య పెళ్ళి శుభలేఖలు బళ్ళోకి తెచ్చుకుని, కవర్ల మీద అడ్రసులు రాసుకుంటున్నారు. కాఫీ తాగొచ్చేలోపల ఒక శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ఎగిరిపోయింది. అది ఇంకెక్కడికి వెళ్ళినా బాగుండేది. సరిగ్గా వియ్యంకుడి గారింటికే వెళ్ళింది. "మా అబ్బాయి పేరు మీద ఈ ఎర్రబొట్టేంటండీ బావగారూ?" అని మర్నాడు ఫోను. హెడ్మాస్టరు గారు పళ్ళు నూరుకుంటూ వచ్చి నిలదీస్తే, సుభద్రమ్మ గారు ఏమాత్రం తొణకలేదు.

"కింద తండ్రి పేరు, తాత పేరు, ఊరు, అన్నీ ఉన్నాయి కదండీ. సొంత కొడుకు పేరు ఆ మాత్రం ఊహించలేకపోతే ఎలాగండీ?"

ఒక శనివారం నన్ను తోడు తీసుకుని భీమవరంలో ఫ్యాన్సీ షాపుకి వెళ్ళారు. షాపతను బొట్టు ప్యాకెట్లన్నీ పరిచాడు. ఆవిడ పెదవి విరిచారు.

"ఇవి చాలవండి. కొంచెం పెద్దవి చూపించండి."

"అమ్మాయి గారి నుదురు ఎంతుంటుందండీ?"

"నుదురు కాదండి. 'ఆశ్చర్యపోయాడు' కప్పాలి."

అతను నా వంక చూశాడు. నేను గోడకి వేలాడే గాజుల వంక చూశాను. ఆవిడ మాత్రం సంచిలోంచి నాలుగో తరగతి వాచకం తీసి, మాట మీద బొట్టు పెట్టి కొలత చూసుకుంటున్నారు.

అసలు ఆవిడ బాధ ఏమిటో నాకు తెలియకపోలేదు. మా పిల్లలు పాఠం గడగడా చదివేసేవాళ్ళు. "ఏం చదివావురా?" అంటే "పాఠమండి" అనేవాళ్ళు. "పాఠంలో ఏముంది?" అంటే "అక్షరాలండి" అనేవాళ్ళు. బొట్టు అడ్డొస్తే మాత్రం ఆ పరుగు ఆగిపోయేది. వెనక్కెళ్ళి, ముందుకెళ్ళి, కథలో ఎవరు ఎవరితో ఏమన్నారో చూసుకుంటే గాని ఆ మాట దొరికేది కాదు. అంతవరకూ నాకూ నచ్చింది. నేనూ బోర్డు మీద గీతలు గీసి ఖాళీలు పూరించమనేవాణ్ణి.

నచ్చనిది ఆవిడ పద్ధతి. ఒకే పాఠం, ఇరవై పుస్తకాలు, ఇరవై పుస్తకాల్లోనూ బొట్లు తలో చోట. ఒకరికి మూడో వరుసలో, ఇంకొకరికి ఏడో వరుసలో.

"ఇలాగైతే దిద్దేదెలాగండీ? అందరికీ ఒకేచోట గీత గీసేస్తే పోదూ?" అన్నాను.

"గీతకి పిల్లల మొహాలు తెలియవు కదండీ మాస్టారూ" అన్నారు ఆవిడ.

పెద్దావిడ, ఏదో అన్నారులే అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి, కొత్తగా ట్రైనింగు పూర్తిచేసిన వాణ్ణి. నాకు తెలియనిదేముంటుంది?

ఆ ఏడు నాలుగో తరగతిలో నూకరత్నం అని జాలరిపేట పిల్ల ఉండేది. మామూలు మాటలు బాగానే చదివేది. 'ద్ర', 'త్ర', 'క్ష' లాంటివి తగిలాయంటే మాత్రం ఆగిపోయి, కాలి బొటనవేలితో నేల రాసేది. పక్కవాళ్ళెవరైనా కిసుక్కుమంటే మర్నాడు బడికి వచ్చేది కాదు. అలా నెలకి పది రోజులు మానేసేది.

ఒకరోజు వాళ్ళమ్మ అచ్చాయమ్మ చేపల గంప గుమ్మం బయట దింపి లోపలికొచ్చింది.

"రేపట్నుంచి దీన్ని రొయ్యల షెడ్డుకి పంపిచ్చేత్తానండి. తలకాయలు తీసే పనికి పిల్లల్ని రమ్మంటన్నారు."

"పదేళ్ళ పిల్లండి అచ్చాయమ్మా, షెడ్డేంటి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"నాలుగేళ్ళ నుంచి పంపుతున్నానండి. కాయితం ఇచ్చి చదవమంటే నా మొకం చూత్తదండి. దాని బుర్రకి ఎక్కదంట. బళ్ళో పిల్లలే అంటన్నారు."

నూకరత్నం తల ఎత్తలేదు. సుభద్రమ్మ గారు లేచారు.

"ఒక్క రోజు ఆగండి. రేపు మీ ఎదురుగా చదివిస్తాను. చదవలేకపోతే అట్నుంచటే తీసుకెళ్ళండి."

"అప్పజెప్పుడు కాదండోయ్. దానికి చెప్పని పాఠం చదవాల."

"అలాగేనండి. చెప్పని పాఠమే."

చెప్పిన పాఠమే చదవలేని పిల్ల, చెప్పని పాఠం చదువుతుందా? ఓడిపోయే పందెం కాసినట్టే అనిపించింది.

మర్నాడు అచ్చాయమ్మ వచ్చి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. సుభద్రమ్మ గారు వాచకం చివర్లో ఉన్న జాలరి కథ తీసి నూకరత్నం చేతికిచ్చారు. చూద్దును కదా, ఆ పేజీ నిండా బొట్లు! మూడు పెద్దవి, రెండు చిన్నవి. నాకు ఒళ్ళు మండింది. పిల్ల బతుకు తేలిపోయే పూట కూడా ఈ పిచ్చి మానరా అనుకుంటూ, ఒకటి పీకేద్దామని చెయ్యి చాచాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటేశారు.

"చెయ్యి తియ్యండి మాస్టారూ."

"అదేంటండీ, బొట్లెట్టేత్తే ఎలా కనపడుద్ది?" అంది అచ్చాయమ్మ. హెడ్మాస్టరు గారు నుదురు పట్టుకున్నారు.

నూకరత్నం మొదలుపెట్టింది. "ఒక జాలరి పడవెక్కి..." బొట్టు వచ్చింది. ఆగింది. దాటేసి ముందున్నది చదువుకుంది. మళ్ళీ వెనక్కొచ్చింది. "పడవెక్కి సంద్రం మీదికి బయలుదేరాడు."

"తీసి చూడమ్మా" అన్నారు టీచరు గారు.

పిల్ల గోటితో బొట్టు తీసి, కింద మాట మీద వేలు పెట్టింది. "స... ము... ద్రం." మొహం ఎత్తింది. "ఇదేనాండీ సంద్రమంటే?"

"అదేనమ్మా."

"రోజూ ఇదే రావట్లేదండీ నాకు!"

ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. ఇంక ఆగలేదు. గాలి హోరెత్తింది, మబ్బులు కమ్మాయి, జాలరి భార్య ఒడ్డున నిలబడింది. అక్కడ ఇంకో పెద్ద బొట్టు.

"ఆమె... బెంగగా... ఎదురుచూసింది."

"బెంగుండదేంటే మరి!" అంది అచ్చాయమ్మ గోడ దగ్గర్నుంచి. బొట్టు తీస్తే 'ఆత్రుతగా' అని ఉంది. అచ్చాయమ్మకి దాంతో పని లేదు. ఆవిడ మొగుడు పెదబాబు కూడా ఆ వారమే వేటకి వెళ్ళాడు. ముందుకి జరిగి కూర్చుని, "ఇంతకీ ఆ పడవ వచ్చిందా? తర్వాతేమైంది? చదవ్వే!" అంది.

పేజీ అయిపోయింది. నూకరత్నం తర్వాతి పేజీ తిప్పింది. అందులో బొట్లు లేవు. సుభద్రమ్మ గారు ఒక్క పేజీయే తయారుచేశారు. ఆవిడ మొహంలో రంగు మారడం నేను మొదటిసారి చూశాను.

"గాలి తగ్గింది. ఆకాశంలో ఒక..." పిల్ల ఆగిపోయింది. అక్కడున్న మాట 'నక్షత్రం'. కాలి బొటనవేలు నేల మీద కదిలింది. అచ్చాయమ్మ కూతురి మొహం వంక చూస్తోంది.

అప్పుడు నూకరత్నం చేతి బొటనవేలు ఎత్తి ఆ మాట మీద పెట్టేసింది. తనంతట తనే కప్పేసింది. వెనకది చదువుకుంది, ముందుది చదువుకుంది. 'మెరిసింది. దాన్ని చూసుకుంటూ జాలరి పడవని ఒడ్డుకి తిప్పాడు.'

"చుక్కండి!" అంది. వేలు తీసి, నెమ్మదిగా, "న... క్ష... త్రం" అని చదివింది.

అచ్చాయమ్మ లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. "షెడ్డోళ్ళకి రాదని చెప్పేత్తానండి. మా ఆయనకి కూడా చదివి వినిపియ్యాల ఇది" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నూకరత్నం ఆ ఏడు మళ్ళీ ఒక్క రోజు మానలేదు.

అందరూ వెళ్ళాక నేను ఆ పుస్తకం తీసి చూశాను. బొట్లున్న అయిదు మాటలూ ఆ పిల్లకి రాని మాటలే. మిగతా పిల్లల పుస్తకాలు కూడా తీశాను. ఎవరు ఏ మాట దగ్గర తడబడతారో, వాళ్ళ పుస్తకంలో సరిగ్గా ఆ మాట మీదే బొట్టుంది. ఆవిడ పిల్లలకి కష్టం పెంచుతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడ వాళ్ళ తడబాటుని కప్పి, మాటని ముందు మనసులోంచి రప్పించి, ఆ తర్వాతే అక్షరాల్లో చూపిస్తున్నారు. నాకు సిగ్గేసింది.

"మాకెవరికీ ఒక్క ముక్క చెప్పలేదేంటండీ?"

"చెబితే ఇంకేముందండీ? ఎవరి పుస్తకంలో ఏ మాట మీద బొట్టుందో చూసి, ఎవరికేం రాదో ఊరంతా చెప్పుకోరూ? కనబడిన ప్రతిదాని మీదా అతికించేశాననుకోండి, టీచరుకే పిచ్చంటారు. పిల్లల జోలికి రారు."

"పెళ్ళికొడుకు పేరు మీద కూడా అందుకేనాండీ?"

"అది మాత్రం చెయ్యి ఆగలేదండి."

నవ్వుతూ ఉండగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. అంతకు రెండు నెలల ముందు ఎం.ఇ.ఓ. గారు తనిఖీకి వచ్చినప్పుడు, నేను రోజూ పాఠాల వివరం రాసే నోట్సులో ఒక మాట మీద ఎర్రబొట్టుంది. ఆయన నవ్వి, "సుభద్రమ్మ గారి పనేనా?" అంటూ పేజీ తిప్పేశారు. పరువు పోయిందని నేను రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

"మరి నా నోట్సు మీద ఎందుకండీ? నాకు రాని మాటేముంది అందులో?"

"'పూర్తయినది' అని రాశారండి. ఆ పాఠం మీరు మొదలే పెట్టలేదు."

ఆవిడ రిటైరై తణుకులో చెల్లెలి గారింట్లో ఉంటున్నారు. వీలున్నప్పుడల్లా వెళ్ళి చూసొస్తాను, కాఫీ ఇస్తారు, కబుర్లు చెబుతారు. అయినా ఆవిడ లేని బడి నాకింకా అలవాటు కాలేదు. సాయంత్రం గంట కొట్టాక స్టాఫ్ రూములో ఒక్కణ్ణీ కూర్చుంటే ఆ రోజుల మీదికే గాలి మళ్ళుతుంది. ఇప్పుడు నేనే హెడ్మాస్టర్ని. నా తప్పులన్నీ అందరికీ చక్కగా కనబడుతున్నాయి.