‘రెడ్’ అన్నదెవరు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి నేను. నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఉద్యోగం. పాత క్యాబిన్‌లో ఎవరో దగ్గుతారనీ, ఖాళీ బోగీలో దీపం కదులుతుందనీ తోటివాళ్లు చెబుతుంటే, పని ఎగ్గొట్టడానికి కథలు అనుకునేవాణ్ణి. ఇప్పుడైనా దయ్యాలున్నాయని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా నాన్న గూడ్సు డ్రైవరు. ఇంజన్‌లో ఒక పద్ధతి ఉంటుంది. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. రిటైరయ్యాక ఆయన ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చారు. ఆర్పని గ్యాస్ పొయ్యి, తెరిచిన గేటు, బకెట్‌లో నీళ్లు కాచే కరెంటు రాడ్డు, ఏది ప్రమాదమనిపించినా "రెడ్" అనేవారు. విన్నవాళ్లు అరచెయ్యి ఎత్తి "రెడ్" అనాలి. అనకపోతే ఊరుకునేవారు కాదు.

స్మార్ట్‌ఫోన్ కొన్నాక నేను "ఊ" అనడం మొదలుపెట్టాను. తల ఎత్తేవాణ్ణి కాదు. "ఊ కాదురా, ఏటో సెప్పు" అనేవారు. కొన్నాళ్లకు అదీ మానేశారు.

ఆయన గుండె ఆగి పోయిన రోజు మధ్యాహ్నం, వరండాలోంచి నన్ను రెండుసార్లు పిలిచారని పక్క క్వార్టర్ దీదీ తర్వాత చెప్పింది. నేను "ఊ" అన్నానట. నాకు గుర్తు లేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ తినేస్తోంది. అయినా ఫోన్ వదల్లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అప్పటికి మా పాపకు ఆరు నెలలు. ఆ తర్వాత ఇంట్లో "రెడ్" అన్నవాళ్లు లేరు.

పోయిన చలికాలం, పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా, ఒక ఆదివారం పొద్దున నా భార్య పూరీ గేట్ దగ్గర వాళ్లమ్మగారింటికి వెళ్లింది. పాప స్నానానికి బకెట్‌లో రాడ్డు పెట్టి, స్విచ్చి వేసి, గుమ్మంలో కూర్చున్నాను. ఐదు నిమిషాలు చూద్దామని ఫోన్ తీశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

"రెడ్" అని వినిపించింది. పాప గొంతే. తల ఎత్తాను. బకెట్‌కు జానెడు దూరంలో నిలబడి ఉంది. ఒక చేతిలో ప్లాస్టిక్ మగ్గు. రెండో అరచెయ్యి ఎత్తి పట్టుకుని, కదలకుండా. నీళ్లు సలసలా మరుగుతున్నాయి. లేచి స్విచ్చి తీశాను. పాపను ఎత్తుకుని ఇవతలికి తెచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి విన్న నా భార్య "దీనికిది ఎవులు నేర్పినారు?" అని నన్నే అడిగింది. తను నేర్పలేదు. దీదీకి ఆ పద్ధతే తెలియదు. వీడియోలో చూసిందేమో అనుకుందామంటే, నా ఫోన్‌లో మా నాన్న వీడియో ఒక్కటీ లేదు. రోజంతా చేతిలోనే ఉన్న ఫోన్‌తో ఆయన్ను ఒక్కసారి కూడా తీయలేదు.

చివరికి పాపనే అడిగాను.

"తాత రెడ్ అన్నాడు" అంది, బొమ్మతో ఆడుకుంటూనే.

పిల్లల మాటలే అని కొట్టిపారేయొచ్చు. గోడ మీది ఫోటో చూసి తాత అనడం నేర్చుకుంది. కానీ ఆ చెయ్యి ఎత్తడం ఎక్కడిదో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆలోచించి ఆలోచించి అలసిపోయాను. అయితే నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. ఆ వెంటనే పాప అన్న మాట.

"ముందు నిన్నే పిలిసినాడు నాన్నా. నువ్వు ఊ అన్నావు."