పలుగురాయి కావాలని మొక్కాను

మాది వజ్రకరూరు పక్క పల్లె. తొలకరి వాన పడిందంటే మా వైపు జనమంతా చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. పెళ్లయిన ఐదో ఏట మేమూ వెళ్లాం.

మా ఆయనకు శనగగింజంత మెరిసే రాయి ఒకటి దొరికింది. ఎవరి కంటా పడకూడదని నోట్లో వేసుకున్నారు. అప్పుడే పక్క చేని నారప్పన్న వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచి, "ఏమప్పా, ఏమన్నా దొరికిందా?" అన్నాడు. రాయి గుటుక్కున లోపలికి పోయింది.

వజ్రం మింగితే మనిషి బతకడని మా ఊళ్లో అందరూ అంటారు.

"ఆస్పత్రికి పోదాం రాయ్యా" అని ఏడ్చాను.

"నోరు మూసుకోమే, ఊరంతా తెలిసిపోతాది. నేను పోయినా రాయి యాడికీ పోదులే. దాన్ని అమ్మి పిల్లోళ్లను సాకు" అన్నారు, అరటిపండు తింటూ.

ఊరంతా వజ్రం దొరకాలని మొక్కుతుంటే, అది వట్టి పలుగురాయి కావాలని నేనొక్కదాన్నే మొక్కాను.

మూడో రోజు రాయి బయటపడింది. కడిగి తీసుకుపోతే వ్యాపారి చూసి, "ఇది పలుగురాయప్పా" అని నవ్వాడు. నేను అక్కడే భోరుమన్నాను.

"ఏడ్చొద్దులేమే, వచ్చే వానకు దొరుకుతాది" అని ఆయనే నన్ను ఓదార్చారు.

ఆ తర్వాత నలభై ఏళ్లు బతికి, నలుగురు మనవళ్లను వీపున మోసి, పోయిన ఏడు వెళ్లిపోయారు. వజ్రం మాకు ఎన్నడూ దొరకలేదు. ఆ రోజు నేను ఏడ్చింది సంతోషంతో అని ఆయనకు చెప్పనేలేదు. చెప్పి ఉండాల్సింది.