అద్దాలక్క మూడు తొట్లు

మా పిన్ని బీరు చుక్క కూడా నోట్లో వేసుకుని ఎరగదు. కానీ గ్లాసులో పోసిన బీరును పది అడుగుల దూరం నుంచి చూసి, దాని మీది నురగ నిలబడుతుందో చతికిలబడుతుందో చెప్పేస్తుంది. తాగేసి పెట్టిన ఖాళీ గ్లాసు చూపిస్తే, లోపల అంచులకు మిగిలిన నురగ వలయాలు లెక్కపెట్టి ఎన్ని గుక్కల్లో తాగారో కూడా చెబుతుంది. "ఏడు గుక్కలు. ఆఖరిది బలవంతం మీద తాగాడు, పాపం," అంటుంది.

ఆమె ఒక బ్రూవరీ రెస్టారెంటులో గ్లాసులు కడుగుతుంది. తొమ్మిదేళ్లయింది. అక్కడ అందరూ ఆమెను అద్దాలక్క అంటారు.

ఒకప్పుడు అది దూదిబేళ్ల గిడ్డంగి. ఇప్పుడు పైకప్పు ఇనుప దూలాలకు నల్లరంగు వేసి, వాటికి పొడవాటి తీగలతో బల్బులు వేలాడదీశారు. గోడల ఇటుకలను మాత్రం కావాలనే సున్నం వేయకుండా వదిలేశారు. "డబ్బు చాలక వదిలేశారనుకున్నా మొదట్లో," అని పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. హాలు చివర అద్దాల గోడ వెనక బీరు కాచే పెద్ద పెద్ద ట్యాంకులు కనిపిస్తాయి. శనాదివారాల్లో బల్ల దొరకాలంటే పేరు రాయించుకుని వాకిట్లో నిలబడాలి. ఆ నిలబడినవాళ్లు కూడా సంతోషంగానే ఉంటారు, ఎక్కడికో వచ్చామన్న సంతోషం.

బీరు కుళాయిల వెనక, చిన్న కిటికీ కింద పిన్ని రాజ్యం ఉండేది. వరసగా మూడు స్టీలు తొట్లు. మొదటి తొట్టిలో బ్రష్షుతో తోమడం, రెండో దాంట్లో చల్లటి నీళ్లతో జాడించడం, మూడో దాంట్లో క్రిములు చచ్చే మందు నీళ్లలో ముంచి తీయడం. ఆపైన తీగల జాలీ మీద బోర్లించడం. గుడ్డ పెట్టి తుడవడం మాత్రం మహాపాపం. కొత్తగా చేరిన వెయిటరెవరైనా చేత్తో తువ్వాలు పట్టుకుని ఆ జాలీ దగ్గరకు వస్తే పిన్ని అలా చూస్తూ నిలబడుతుంది. వాళ్లే వెనక్కి వెళ్లిపోతారు.

ఈ పట్టుదల ఆమెకు అంతకుముందు ఉద్యోగంలో అబ్బింది. పన్నెండేళ్లు ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగింది. కడిగిన గాజు మీద నీళ్లు పోస్తే పలచటి దుప్పటి పరిచినట్టు జారిపోవాలి, ముత్యాల్లా చుక్కలు కట్టిందా, అది ఇంకా మురికే అని అక్కడి మేడం నేర్పిందట. కాలేజీలో ఆ కోర్సు ఎత్తేసినప్పుడు పిన్ని ఇక్కడ చేరింది. "అక్కడ ఆమ్లాలు, ఇక్కడ బీరు. గాజుకి రెండూ ఒకటే," అంటుంది.

పనికి వెళ్లే రోజు చేతులకు క్రీము రాసుకోదు. చలికాలంలో వేళ్లు పగిలి నెత్తురు కారినా సరే. జిడ్డు పూత కంటికి కనపడనంత ఉన్నా నురగ చచ్చిపోతుందని ఆమెకు తెలుసు.

అక్కడ బీరు కాచే పెద్దమనిషిని లోటా మాస్టారంటారు. ఆయన తన బీరును ఎప్పుడూ ఒక పాత స్టీలు లోటాలోనే రుచి చూస్తాడు. "నాలుకకి కళ్లెందుకు అక్కా, కళ్లు పెడితే మోసపోతాం," అంటాడు. ఆయన రుచి చూసేవాడు, పిన్ని నురగ చూసేది. తొమ్మిదేళ్లు ఇద్దరూ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా సుఖంగా గడిపారు.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చింది. ముప్ఫయ్యేళ్ల పిల్ల, చురుకైనది, ఎవరినీ కసురుకోదు. వచ్చిన నెలలోనే వంటింట్లో పళ్లేలు కడగడానికి పెద్ద యంత్రం తెప్పించింది. వంటింటివాళ్లు దండం పెట్టుకున్నారు. రెండో నెలలో ఆమె చూపు మూడు తొట్ల మీద పడింది.

"అమ్మా, గ్లాసులు కూడా యంత్రంలోనే వేద్దాం. ఒక వారం చూద్దాం. బాగుంటే సోమవారం ప్లంబరొచ్చి ఈ తొట్లు తీసేస్తాడు. ఇక్కడ ఇంకో నాలుగు కుళాయిలు పెట్టొచ్చు. మీకు పనేం పోదు, నాప్‌కిన్లలో ఫోర్కులు చుట్టే బల్ల దగ్గర కూర్చుందురు గాని. హాయిగా."

"హాయిగా కూర్చోమన్న మాట వినడానికి బాగానే ఉంటుంది మేడం," అంది పిన్ని. "పళ్లేలతో కలిపి గ్లాసులు వేస్తే నురగ పోతుంది."

"యంత్రం మీద కంపెనీ గ్యారంటీ ఉందమ్మా."

పిన్ని మర్నాటి నుంచి ఫోర్కులు చుట్టింది.

ఆ వారం పిన్ని ఇంట్లో గ్లాసులకు చెడ్డకాలం వచ్చింది. బస్సు కండక్టరుగా చేసే మా బాబాయి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె వంటగదిలో కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ ఉండేది.

"ఇది మంచినీళ్లు తాగే గ్లాసే, దీనికి నురగ దేనికి?" అన్నాడు బాబాయి.

"చెయ్యి ఊరుకోవట్లేదు."

"ఫోర్కులు చుట్టడం తప్పు పనా? కూర్చుని చేసే ఉద్యోగం. నేను ఇరవయ్యేళ్ల నుంచి నిలబడే ఉన్నా, ఎవరూ నాకు కుర్చీ ఇస్తామనలేదు."

"నిన్ను బస్సు దింపేసి, డిపోలో టిక్కెట్ల కట్టలకి రబ్బరుబ్యాండ్లు వెయ్యమంటే వేస్తావా?"

"వెయ్యను," అన్నాడు బాబాయి. "అయితే ఏం చేద్దామని?"

"సోమవారంలోపు నా తొట్లు నాకు రావాలి. ఎలాగో తెలీదు. వస్తాయి."

ఆ శనివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. సిబ్బంది ఇంటివాళ్లకు నెలకొకసారి భోజనం ఉచితం. పిన్ని పిల్లలు లేని మనిషి, ఆ వంతు నాకు ఇస్తుంది. కుళాయిలకు దగ్గరగా మూల బల్ల ఇచ్చారు. నిమ్మసోడా తెప్పించుకుని, ఫోర్కులు చుడుతున్న పిన్ని చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను. చక్కగానే చుడుతోంది. కానీ కళ్లు మాత్రం కుళాయిల మీద ఉన్నాయి.

నా పక్క పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఆఫీసు ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకామెకు ప్రమోషన్ వచ్చిందట. కొత్త గోధుమ బీరు చెప్పారు. ఎనిమిది గ్లాసులు వచ్చాయి, బల్బుల వెలుగులో ధగధగ మెరుస్తూ. వాళ్లు ఫొటోలకు గ్లాసులెత్తి నవ్వేలోపే పైనున్న నురగ సబ్బు నీటి బుడగల్లా పగిలిపోయింది. పసుపు రంగు నీళ్లు మిగిలాయి. గాజుకు లోపల అక్కడక్కడా బుడగలు అంటుకుని ఉన్నాయి.

"ఇదేంటే, నిన్నటిదిలా ఉంది," అంది ఒకామె.

"నీ ప్రమోషనూ ఇంతేనేమో చూసుకో," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. కానీ గ్లాసులు వెనక్కి పంపేశారు.

ఆ వారంలో ఇలా వెనక్కి రావడం మొదటిసారి కాదట. మేనేజరు లోటా మాస్టారిని పిలిచింది. ఆయన ట్యాంకు దగ్గర నుంచి లోటాతో సహా వచ్చాడు.

"రుచి సరిగానే ఉందండీ. పొద్దుట్నుంచి నాలుగుసార్లు చూశా."

"రుచి సంగతి కాదు మాస్టారూ. చూడ్డానికి చచ్చిన బీరులా ఉంది. ఈ ట్యాంకులో ఏమైనా మార్చారా?"

ఆయన తల దించుకున్నాడు. "ఈసారి బీరు పులియబెట్టే ఈస్టు మార్చాను. కొత్త రకం."

"అదే అయ్యుంటుంది. ట్యాంకు ఖాళీ చేసెయ్యండి. సాయంత్రం జనానికి పాత రకం పోద్దాం."

వెయ్యి లీటర్లు. మూడు వారాల పని. లోటా మాస్టారు లోటాలోకి చూసుకున్నాడు, జవాబు అందులో ఉన్నట్టు. తన నాలుక మీద ఆయనకున్న నమ్మకం నా కళ్లముందే సన్నగిల్లింది. "సరేనండీ," అన్నాడు.

పిన్ని చేతిలోని ఫోర్కు బల్ల మీద పెట్టింది.

"మేడం, ఈస్టు కాదు. గ్లాసులు."

మేనేజరు ఒక గ్లాసు తీసి వెలుగుకు ఎత్తింది. "ఇంతకన్నా శుభ్రంగా ఎలా ఉంటుందమ్మా? ముఖం చూసుకోవచ్చు." గొంతు తగ్గించి, "మీ తొట్లు మీకు కావాలి, అర్థమైంది. కానీ ఆయన బీరు పాడైతే దానికి గ్లాసుల్ని అనకండి," అంది.

పిన్ని ముఖం ఎర్రబడింది. నిజమే కదా, తొట్లు ఆమెకు కావాలి. ఆమె ఏం చెప్పినా ఇక ఆ మాటే వినిపిస్తుంది. అది ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయినట్టుంది. వాదన పెట్టుకోలేదు. ఆ మెరిసే గ్లాసుల్లోంచి ఒకటి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

నేను లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. గ్లాసులో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, కాస్త తడి చేసి, లోపలంతా వేళ్లతో గట్టిగా రుద్దింది. చల్లటి నీళ్ల ధార కింద ఎంతసేపు జాడించిందో, వంటవాడు పక్కనుంచి, "అక్కా, గ్లాసు అరిగిపోతుంది," అన్నాడు.

"అరగనీ. కొత్తది కొనిపిస్తాలే మేడంతో."

తిరిగి వచ్చి, ఆడవాళ్ల బల్ల పక్కనే, వాళ్ల కళ్లముందు రెండు గ్లాసులు పెట్టింది. ఒకటి తను కడిగింది. రెండోది యంత్రంలోంచి వచ్చింది, దాన్ని కూడా నీళ్లతో తడిపి దులిపింది. ఉప్పుడబ్బా తీసుకుని రెండింటి లోపలా సన్న ఉప్పు చల్లుతూ తిప్పింది.

"ఏంటండీ, మ్యాజిక్కా?" అంది ప్రమోషన్ వచ్చినామె.

"మ్యాజిక్ ఏం లేదమ్మా, కడుగుడు."

పిన్ని కడిగిన గ్లాసుకు ఉప్పు మంచు పట్టినట్టు అంతటా సమానంగా అంటుకుంది. యంత్రం గ్లాసులో సగం చోట్ల జారి అడుగుకు పడిపోయింది. గాజు మీద బోడి మచ్చలు.

"ఉప్పు అంటని చోటల్లా పూత ఉంది మేడం. పళ్లేల జిడ్డు కొంత. మెరవడానికి యంత్రంలో పోస్తున్నారే ఆ నీలం మందు, అది కొంత. మెరుస్తున్నదే మురికి."

మేనేజరు గ్లాసు లోపల వేలితో రాసి చూసింది. పిన్ని రెండు గ్లాసులూ ఉప్పు పోయేదాకా జాడించి, ఒకే కుళాయి కింద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి బీరు పట్టింది. బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

ఎడమవైపు యంత్రం గ్లాసులో నురగ చిటపటమని పగిలి, మేం చూస్తుండగానే అడుగంటింది. కుడి గ్లాసులో రెండు వేళ్ల మందాన తెల్లగా, చిక్కగా నిలబడింది. కాసేపయింది. ఇంకా నిలబడే ఉంది.

"ఆ కుడివైపుది నాకు," అంది నిన్నటి బీరు అన్నామె.

"ఆగండమ్మా," అని లోటా మాస్టారు అడ్డొచ్చాడు. లోటా బల్ల మీద పెట్టేసి, ఆ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు. ముందు చాలాసేపు చూశాడు. తర్వాత ఒక గుక్క తాగాడు. పెదవి ఆన్చిన చోట గాజుకు తెల్లటి వలయం మిగిలింది.

"అక్కా, నా బీరు ఇంత అందంగా ఉంటుందా?"

"తొమ్మిదేళ్ల నుంచీ ఇంతే తమ్ముడూ. లోటాలోంచి తల బయటపెడితే కనపడేది."

బల్ల మొత్తం నవ్వింది. మేనేజరు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఇక ట్యాంకు ఖాళీ చెయ్యనక్కరలేదు. ఆమె ఫోను తీసి ప్లంబరుకు, "సోమవారం రావద్దు," అని చెప్పింది. పిన్ని వైపు తిరిగి, "అమ్మా, నేను మిమ్మల్ని అన్నది..." అని మొదలుపెట్టింది.

"తప్పేం లేదు మేడం. నాకు తొట్లు కావాలన్నది నిజమే కదా. యంత్రం పళ్లేలకి చాలా బాగుంది, దాన్ని తీసెయ్యకండి. ఎనిమిది గ్లాసులకి టైము చెప్పండి ఆ బల్లవాళ్లకి, పది నిమిషాలు."

పిన్ని ఫోర్కుల బల్ల దగ్గర కట్టుకున్న ఆప్రాన్ విప్పి, మేకుకు తగిలించి ఉన్న తన రబ్బరు ఆప్రాన్ కట్టుకుంది. కిటికీ దగ్గరకు వెళ్లింది. ఈ వారం రోజుల్లో తొట్లు నిండా ఎవరో టిష్యూ కాగితాల అట్టపెట్టెలు కుక్కేశారు. మేనేజరు వెనకే వచ్చి, చొక్కా చేతులు మడిచి, మొదటి తొట్టిలోని పెట్టెలెత్తి పక్కన పెట్టింది. పిన్ని సాయం చేయబోలేదు. కుళాయి తిప్పి, నీళ్ల చల్లదనం మణికట్టు మీద చూసుకుంటూ నిలబడింది.

"ఇంకా రెండు తొట్లున్నాయి మేడం," అంది. "త్వరగా. బల్లవాళ్లు చూస్తున్నారు."